గేట్లెత్తితే కబురు చెయ్యండి

మహారాజశ్రీ నిజాంసాగర్ ప్రాజెక్టు గారికి,

నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీరు నిండుగా ఉన్నారని టీవీలో చూపించినప్పుడల్లా తలుచుకుంటూనే ఉంటాం. చూపించనప్పుడు తలుచుకోం, అబద్ధమెందుకు.

మొన్న వేసవిలో మమ్మల్ని ఎంత నిరాశపరిచారో మీకు తెలియాలనే ఈ ఉత్తరం. పిల్లలకు సెలవులని రెండు కార్లలో, పులిహోర, చికెన్ ఫ్రై కట్టుకుని హైదరాబాద్ నుంచి అంత దూరం వస్తే మీరు చూపించిందేమిటి? నెర్రెలిచ్చిన మట్టి, దాని మీద బర్రెలు, ఎక్కడో మధ్యలో కాసిన్ని నీళ్లు. "సముద్రంలా ఉంటుందన్నావుగా నాన్నా, ఏదీ?" అన్నాడు మా చిన్నోడు. మా బావమరిది తెచ్చిన డ్రోన్ పైకి లేచి, ఆ బర్రెలనే నాలుగు వైపుల నుంచీ వీడియో తీసి దిగింది.

మీదేమైనా చిన్నాచితకా పుట్టుకా? 1923లో మొదలై 1931కి పూర్తయ్యారు. నవాబ్ అలీ నవాజ్ జంగ్ అంతటి ఇంజనీరు చేతుల మీద, మంజీరకు అడ్డంగా, 2,75,000 ఎకరాలు తడపడానికి లేచిన రాతికట్ట. పూడిక చేరి 29 టీఎంసీలకు పైగా ఉన్న కడుపు 17.8కి దిగిందట. వయసుతో మాకందరికీ పొట్ట పెరుగుతుంటే మీకు తగ్గింది!

ఉక్రోషం పట్టలేక రోడ్డు పక్కన ముంజలమ్మే పెద్దమ్మనే అడిగేశాను, "ఏమమ్మా, నీళ్లేవి?" అని.

ఆమె కాయను కత్తితో చెక్కుతూ, "ఏడికెల్లి వచ్చిన్రు సారూ?" అంది.

"హైదరాబాద్."

"అయితే నీళ్లు మీ తాన్నే ఉన్నయ్ గద!" అని బొటనవేలితో ముంజను పెకలించి ఆకులో వేసింది.

మీకు ఎగువన అదే మంజీర మీద సింగూరు డ్యామ్ కట్టింది ముఖ్యంగా మా నగరానికి తాగునీళ్ల కోసమేనని ఇంటికొచ్చాక గుర్తొచ్చింది. తర్వాత కృష్ణా, గోదావరి నీళ్లూ తెచ్చుకున్నాం లెండి, మా దాహం అలాంటిది. మొత్తానికి మంజీర నీళ్లతో కార్లు కడుక్కుని, ఆ తళతళలాడే కార్లలోనే మీ దగ్గరికొచ్చి నీళ్లేవని దబాయించామన్నమాట. పోతూ పోతూ ప్లాస్టిక్ ప్లేట్లు, సీసాలు కట్ట కిందే వదిలేశాం. పూడికకు మా వంతు చందా అనుకోండి.

వానాకాలం సంగతి వేరు. గేట్లెత్తారని వినపడితే చాలు, కట్ట మీద ఇసకేస్తే రాలనంత జనం. కిందికి పోయే వరదను చూసి ఈలలు, కేకలు. అటు తూము దగ్గర, పొలాలకు నీళ్లు వదిలే చోట, ఒక్క సెల్ఫీ తీసుకున్నవాణ్ణి చూడలేదు. నేనూ తీసుకోలేదు. బురద రంగు నీళ్లు, చప్పుడు లేకుండా పోతుంటే ఫొటోలో ఏం బాగుంటుంది?

ఈసారి గేట్లెత్తే ముందు ఒక్క కబురు పంపండి, మూడు కార్లలో వస్తాం. తాగడానికి నీళ్ల బాటిళ్లు మేమే తెచ్చుకుంటాం, మీకు ఇబ్బంది ఉండదు.

ఇట్లు,
మీ నీళ్లు తాగిన ఒకడు