యుద్ధానికి ముందు స్టీఫెన్స్ ఏమన్నాడు?

అమెరికా అంతర్యుద్ధం బానిసత్వం కోసం కాదు, రాష్ట్రాల హక్కుల కోసం జరిగిందనే మాట బాగా ప్రచారంలో ఉంది. దానికి సాక్షిగా అమెరికా నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల కూటమికి ఉపాధ్యక్షుడైన అలెగ్జాండర్ స్టీఫెన్స్‌ను నిలబెడతారు. జార్జియా లాయరు, రాజ్యాంగం క్షుణ్ణంగా చదివినవాడు, వేర్పాటునే వద్దన్నవాడు, ఆయనే చెప్పాడు కదా అంటారు.

వేర్పాటు వద్దన్నాడు, నిజమే. లింకన్ గెలిచినంత మాత్రాన విడిపోనక్కర్లేదని 1860 నవంబరులో అప్పటి జార్జియా రాజధాని మిలెడ్జ్‌విల్‌లో వాదించాడు. 1861 జనవరిలో వేర్పాటుకు వ్యతిరేకంగా ఓటేశాడు కూడా. కానీ కారణం చూడండి: కాంగ్రెస్ లింకన్ చేతిలో లేదు కాబట్టి అతను మనల్నేమీ చేయలేడన్నది ఆయన లెక్క. బానిసత్వం తప్పని ఎక్కడా అనలేదు. ఆయన కిందే ముప్పైమందికి పైగా బానిసలుండేవారు. తీరా వేర్పాటు గెలిచాక, నెల తిరక్కుండానే ఉపాధ్యక్షుడయ్యాడు.

అసలు సాక్ష్యం 1861 మార్చి 21న జార్జియాలోని సవానా నగరంలో చేసిన ప్రసంగం. బానిసత్వం ప్రకృతి విరుద్ధమని అమెరికాను స్థాపించిన జెఫర్సన్ తరం నమ్మింది, అది పొరపాటు అన్నాడు. నల్లవాడు తెల్లవాడికి సమానుడు కాడు, బానిసగా ఉండటమే అతని సహజస్థితి, మన కొత్త ప్రభుత్వానికి ఇదే పునాదిరాయి అన్నాడు. ఈ చీలికకు తక్షణ కారణం కూడా ఇదేనన్నాడు. గొంతులో ఎక్కడా జంకు లేదు. గెలీలియో, రక్తప్రసరణను వివరించిన హార్వే చెప్పిన సత్యాలనూ లోకం మొదట ఒప్పుకోలేదని పోలిక కూడా తెచ్చాడు. మనుషుల్ని సరుకుగా చూడటాన్ని రక్తప్రసరణ సిద్ధాంతం పక్కన నిలబెట్టిన ఆ ధీమాను నేను తేలిగ్గా తీసుకోలేను.

ఆ ప్రసంగాన్ని విలేకరి సరిగ్గా రాసుకోలేదన్న సమర్థన ఒకటుంది. అది స్టీఫెన్స్ 1865లో, ఓడిపోయి బోస్టన్ రేవులోని ఫోర్ట్ వారెన్‌లో ఖైదీగా ఉన్నప్పుడు డైరీలో రాసుకున్న మాట. సవానా తర్వాత నెలకు రిచ్‌మండ్‌లో వర్జీనియా ప్రతినిధుల ఎదుట కూడా ఆయన ఇదే భావం చెప్పాడు. అక్కడా విలేకరి పొరపాటేనా?

రాష్ట్రాల హక్కులపై ఆయనకు పట్టింపు ఉంది, కాదనను. నిర్బంధ సైనిక సేవ విషయంలో కూటమి అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్‌తోనే తగవుపడ్డాడు. కానీ పారిపోయిన బానిసల్ని పట్టివ్వాలనే 1850 చట్టానికి ఉత్తరాది రాష్ట్రాలు తమ చట్టాలతో అడ్డుపడితే, వాటి హక్కును దక్షిణాది గౌరవించలేదు. పైగా బానిసలపై యాజమాన్య హక్కును దెబ్బతీసే చట్టం తమ కాంగ్రెస్ చేయకూడదని కొత్త రాజ్యాంగంలోనే రాసుకుంది.

యుద్ధమంతా అధికారాల పంపకం గురించేనని స్టీఫెన్స్ రాసిన రెండు సంపుటాల్లో మొదటిది వెలువడింది 1868లో. సవానాలో మాట్లాడేనాటికి ఫోర్ట్ సమ్టర్ కోటపై ఫిరంగి పేలి యుద్ధం మొదలవడానికి ఇంకా 22 రోజులుంది.