పంటి గుజ్జులో ఉన్నది మేస్త్రి, ఇటుక కాదు

నా పాలపన్ను ఊడినప్పుడు మా అవ్వ దాన్ని పేడముద్దలో పెట్టి మిద్దె మీదికి విసిరింది. నా కూతురికి పన్ను ఊడే నాటికి కాలం మారింది. తిరుపతిలో ఒక పళ్ల ఆసుపత్రి వరండాలో ఒకాయన నా చేతిలో రంగుల కరపత్రం పెట్టాడు. పన్ను పారేయొద్దట. అందులోని మూలకణాలను, అంటే రకరకాల కణాలుగా మారగల స్టెమ్ సెల్స్‌ను, ద్రవ నత్రజనిలో దాస్తారట. రేపు బిడ్డకు ఎముక విరిగినా, మోకీలు అరిగినా అవే ఆదుకుంటాయట. దాచినందుకు ఏడాదికింతని కట్టాలి. ఇంటికొచ్చి తీరిగ్గా చదివితే అందులో సగం నిజమే, అదీ భలే నిజం. డబ్బులడుగుతున్నది మాత్రం మిగతా సగానికి.

పంటి నడుమ రక్తనాళాలు, నరాలు ఉండే మెత్తటి గుజ్జులో మూలకణాలున్నాయని 2000లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో పనిచేస్తున్న స్టాన్ గ్రాంథోస్, సాంగ్‌టావ్ షీ బృందం చూపించింది. అప్పుడు వాడినవి పీకేసిన జ్ఞానదంతాలు. తర్వాత షీ ఆరేళ్ల కూతురికి పాలపన్ను ఊడింది. దాని అడుగున ఎర్రటి కండలాంటిది కనబడితే ప్రయోగశాలకు పట్టుకెళ్లాడు. 2003లో పాలపళ్ల కణాల మీద పత్రం వచ్చింది.

ఆ పత్రంలో నన్ను ఆపేసిన మాట ఒకటుంది. ఈ కణాలను ఎలుకల్లో పెడితే కొత్త ఎముక పుట్టింది. కానీ దాన్ని కట్టింది పంటి కణాలు కావు, ఎలుక సొంత కణాలే. పంటి కణాలు అక్కడ కూర్చుని వాటిని పిలిపించి పని చేయించాయి. అంటే మనం ఇటుకలనుకున్నవి నిజానికి బేల్దారి మేస్త్రి పని చేస్తున్నాయి.

ఎముక గట్టిగా కనిపిస్తుంది గానీ అందులో పని ఏ రోజూ ఆగదు. ఆస్టియోక్లాస్టులనే కణాలు పాత ఎముకను తవ్వుతాయి, ఆస్టియోబ్లాస్టులు ఆ గుంతను పూడుస్తాయి. తవ్వకం కొన్ని వారాల్లో ముగుస్తుంది, పూడ్చడానికి నెలలు పడుతుంది. పెద్దవాళ్ల అస్థిపంజరంలో ఏడాదికి సుమారు 10 శాతం ఇలా కొత్తదవుతుంది. తవ్వమని చెప్పే ప్రొటీన్ పేరు ర్యాంకిల్, దానికి అడ్డుపడేది ఆస్టియోప్రొటెజెరిన్. పంటి గుజ్జు కణాలు ఈ రెండోదాన్ని వదులుతాయి, రక్తనాళాలు మొలిచేలా చేసే ప్రొటీన్లనూ వదులుతాయి, వాపును ఎగదోసే రోగనిరోధక కణాలను చల్లబరుస్తాయి. విరిగినచోట రక్తం అందకపోయినా, వాపు తగ్గకపోయినా అతుకు పడటం కష్టం. కాబట్టి ఈ మూడు పనులూ చిన్నవేం కావు.

మన వైపు వాళ్లకు ఇది చెప్పడానికి పుత్తూరు కట్టు ఉండనే ఉంది. ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన, చుట్టూ గుడ్డ, పైన వెదురు దబ్బలు. చిన్నప్పుడు చెయ్యి విరిగి ఆ కట్టుతో ఆరు వారాలు తిరిగాను, దాని వాసన ఇప్పటికీ గుర్తుంది. కట్టు చేసేది ఎముకను కదలకుండా పట్టి ఉంచడం, అతుక్కునేది ఎముకే. (చర్మం చీల్చుకుని ఎముక బయటికొస్తే మాత్రం కట్టు జోలికి పోకుండా నేరుగా తిరుపతిలోని బర్డ్ ఆసుపత్రికో రుయా ఆసుపత్రికో పరుగెత్తాలి.) పంటి కణాలు కట్టు కంటే ఒక మెట్టు పైన, ఎందుకంటే అవి ఎముకతో మాట్లాడతాయి. అయినా అతుక్కోవాల్సింది ఎముకే.

కరపత్రం తడబడేది ఇక్కడే. మేస్త్రి మన ఇంటివాడే కానక్కర్లేదు. ఈ కణాల మీద రోగనిరోధక వ్యవస్థ తిరగబడేది తక్కువ కాబట్టి వేరేవాళ్ల పంటివీ పనికి రావచ్చు. కణాలు లేకుండా, అవి వదిలే ఎక్సోజోములనే సూక్ష్మ సంచులతోనే పని జరుగుతుందేమోనని ప్రయోగాలు సాగుతున్నాయి. అదే కుదిరితే, సొంత పన్నును ఇరవై ఏళ్లు గడ్డకట్టించి దాచుకోవడంలో అర్థమేముంది?

మనుషుల్లో ఫలితాలూ అంత తేటగా లేవు. 2009లో ఇటలీ వైద్యులు జ్ఞానదంతం తీసిన గుంతలో రోగి సొంత పంటి గుజ్జు కణాలను కొల్లాజెన్ అనే ప్రొటీన్‌తో చేసిన స్పాంజిలో పెడితే ఎముక పెరిగింది. మూడేళ్ల తర్వాత చూస్తే, అక్కడ మామూలుగా ఉండాల్సిన, సన్నటి రంధ్రాలుండే ఎముక బదులు గట్టి ఎముక ఉంది. అది మంచో చెడో నమలడం మీద తేలాలి. 2018లో స్పెయిన్‌లో ఒకే మనిషికి ఒక పక్క జ్ఞానదంతం తీసిన గుంతలో కణాలు పెట్టి, రెండో పక్క పెట్టకుండా చూశారు. తేడా కనబడలేదు.

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలూ వ్యాపారంగా దాచడానికి ఒప్పుకున్నది బొడ్డుతాడు రక్తాన్నే, పళ్లను కాదు. ఈ మాట కరపత్రంలో ఎక్కడా లేదు.

నన్నడిగితే ఆ డబ్బు వెళ్లాల్సిన చోటు వేరే ఉంది. తిరుపతి, చిత్తూరు ఆసుపత్రుల్లో పీకిన ఆరోగ్యమైన జ్ఞానదంతాలు ఆసుపత్రి చెత్త వేసే పసుపు సంచిలో పడి కాలిపోతున్నాయి. అడిగి తీసుకుంటే దాతల కణాల మీద పరిశోధనకు అంతకన్నా చవకైన ముడిసరుకు దొరకదు.

కూతురి రెండో పన్ను ఊగుతోందని మళ్లీ వెళ్తే ఆయనే ఎదురయ్యాడు. "మీరు దాచిన పళ్లతో ఎవరికైనా కాలెముక అతికిందా?" అని అడిగాను.

"పరిశోధనలు జరగతా ఉండాయి సార్," అంటూ ఇంకో కరపత్రం ఇచ్చాడు.