ముందు దవడ పళ్ళ సంగతి చూద్దాం

ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం ఉగాది వేడుకల్లో ఈసారి రాఫిల్ (లక్కీ డ్రా) మొదటి బహుమతి ‘స్మైల్ మేకోవర్’, అంటే పలువరుసను తెల్లగా, అందంగా మార్చే వైద్యం. కవి సమ్మేళనానికీ భోజనాలకూ మధ్య పెట్టిన ‘బెస్ట్ స్మైల్’ పోటీ కూడా అందరూ చూసే ఉంటారు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను జంటలు జంటలుగా వేదిక మీదికి పిలిచి, "అంకుల్, ఆంటీ, పళ్ళన్నీ కనబడాలి" అని మైకులో అన్నారు. ఇద్దరు అమ్మలు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఇంకొకావిడ మెట్ల దాకా వచ్చి, వెనక్కి వెళ్ళి కూర్చుంది. ముందు వరుసలో పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు నాకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

నిర్వాహకులకు దురుద్దేశం ఉందని నేను అనను. స్పాన్సర్ చేసిన డెంటల్ క్లినిక్ ఇచ్చినదాన్ని సంతోషంగా తీసుకున్నారు. కానీ అదే రాత్రి ఆ పెద్దవాళ్ళ ప్లేట్లు చూశారా? గారెలు అలాగే ఉన్నాయి. పులిహోరలో పల్లీలు పక్కకు ఏరిపెట్టి ఉన్నాయి. చాలామంది పెరుగన్నంతోనే లేచారు. నమలడానికి పళ్ళు లేనివాళ్ళను పిలిచి నవ్వమన్నాం, తెల్లటి పళ్ళను బహుమతిగా పెట్టాం.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. మా అత్తమ్మది నల్లగొండ జిల్లా, మునుగోడు వైపు పల్లె. అక్కడి నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువని మీకు చెప్పనక్కర్లేదు. ఫ్లోరైడ్ ఎముకలను ఎలా వంచుతుందో 1937లోనే నాటి నెల్లూరు జిల్లా నుంచి వైద్యులు రాశారు. పటిక, సున్నం వేసి నీటిలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరే స్థిరపడింది. అత్తమ్మ ముందు పళ్ళ మీద ఆ నీళ్ళు వేసిన గోధుమరంగు చారలున్నాయి. దవడ పళ్ళు మాత్రం నీళ్ళు తీసినవి కావు. నొప్పి వచ్చినప్పుడల్లా ఒక్కొక్కటీ పీకించుకుంటూ పోగొట్టుకున్నవి.

ఆమె డెబ్బయ్యో పుట్టినరోజుకు ఇక్కడున్న పిల్లలంతా కలిసి కొత్త పళ్ళు కానుకగా ఇద్దామనుకున్నారు. ప్రేమతోనే అనుకున్నారు. ఒక క్లినిక్‌కు తీసుకెళ్ళాం. ఫొటో తీసి, కంప్యూటర్ తెర మీద ఆమె ముఖానికి తెల్లటి పలువరుస పెట్టి చూపించారు. అత్తమ్మ చాలాసేపు చూసి, "ఎవరీమె?" అంది. ఎనిమిది వెనీర్లకు, అంటే పళ్ళ ముందువైపు అతికించే పల్చటి పింగాణీ పొరలకు, అంచనా కాగితం చేతిలో పెట్టారు. ఒక్కో వెనీరుకు వెయ్యి డాలర్లు దాటడం ఇక్కడ మామూలే కదా, మొత్తం ఎంతయిందో మీరే లెక్క వేసుకోండి. అక్కడున్నంతసేపూ ఆమె ఏం తింటోందని ఒక్కరూ అడగలేదు.

తర్వాత యూనివర్సిటీ డెంటల్ స్కూల్‌కు వెళ్ళాం. అక్కడ ప్రొఫెసర్ల పర్యవేక్షణలో విద్యార్థులు తక్కువ ఫీజుకు వైద్యం చేస్తారు. చదువుకుంటున్న తెలుగమ్మాయి ఒకతె నోరు తెరిపించకముందే, "అమ్మమ్మా, ఏ వైపు నములుతారు?" అని అడిగింది.

"నమిలేదెక్కడ బిడ్డా, ముందర పండ్లతోటే ఇంత కొరికి మింగుతున్న" అంది అత్తమ్మ.

అసలు విషయం ఆ మాటలో ఉంది. వెనక దవడ పళ్ళు లేకపోతే కొరికే బరువంతా ముందు పళ్ళ మీదే పడుతుంది. వాటి మీద వెనీరు అతికిస్తే అది పగులుతుంది, ఊడుతుంది. అతికించడానికి ముందు చాలావరకు పంటి పైపొరను కొంత అరగదీస్తారు. ఆ ఎనామిల్ మళ్ళీ పుట్టదు. అంటే ఎనిమిది పళ్ళను శాశ్వతంగా అరగదీసి, తిండి మాత్రం పెరుగన్నం దగ్గరే ఆపేవాళ్ళం. ఆ అమ్మాయి చెప్పిన వరుస వేరు. ముందు చిగుళ్ళకు లోతుగా క్లీనింగ్, ఎందుకంటే అత్తమ్మకు షుగర్ ఉంది, చిగుళ్ళ జబ్బూ షుగరూ ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. తర్వాత పిప్పి పళ్ళకు ఫిల్లింగ్. ఆ తర్వాత కింది దవడకు తీసి పెట్టుకునే పళ్ళ సెట్టు. చారల సంగతి అడిగితే అత్తమ్మే అడ్డుపడింది: "నాకు బొమ్మ పండ్లెందుకు? సకినం కొరికే పండ్లియ్యుండ్రి."

ఆ సంక్రాంతికి సకినం కొరికిన చప్పుడు వంటింట్లోకి వినబడింది.

అలాగని పంటి అందం కోసం ఖర్చు పెట్టేవాళ్ళందరివీ సోకులే అంటే నేను ఒప్పుకోను. మా ఆడబిడ్డ కూతురు కూడా ఆ ఊళ్ళోనే పెరిగింది. ఎమ్మెస్ చేస్తూ, ఇంటర్వ్యూల్లో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది, జూమ్‌లో కెమెరా కట్టేసేది. ఆ పిల్ల దవడలు గట్టివి, నమలడంలో ఏ లోటూ లేదు. తాను చెయ్యని తప్పుకు చిన్నప్పటి బావినీళ్ళు ముఖాన వేసిన మచ్చ అది. దాన్ని తీయించుకోవడం కూడా వైద్యమే. అయితే ఆ పిల్లకూ వెనీర్లు అవసరం కాలేదు. మరకపడ్డ పైపొరను మందుతో సన్నగా రుద్ది తీశారు, తెల్లబరిచారు, మిగిలిన చోట పంటిరంగు ఫిల్లింగ్ పెట్టారు. తక్కువ అరిగే పద్ధతి మొదట, ఎక్కువ అరిగేది చివర.

మన అలవాట్ల గురించి కూడా ఒక మాట. పొద్దున్నే వేపపుల్ల నమలడాన్ని వెక్కిరించేవాళ్ళంటే నాకు పడదు. మా నాన్న పళ్ళు చివరిదాకా గట్టిగానే ఉన్నాయి. కానీ కచ్చిక, బొగ్గు, గరుకు పళ్ళపొడి పెట్టి బరబరా తోమి ఎనామిల్ అరగదీసుకున్నదీ మనమే. అంతకంటే పెద్ద తప్పు ‘పీకించేస్తే పోలా’ అనే మాట. పన్ను పోయిన చోట ఎముక కరుగుతుంది, పక్క పన్ను వాలుతుంది, ఎదుటి పన్ను జారి కిందికో పైకో వస్తుంది. ఇక్కడికి వచ్చాక కూడా పెద్దవాళ్ళ పంటినొప్పికి లవంగ నూనె ఇచ్చి, "ఇండియా వెళ్ళాక చూపించుకో" అనేస్తున్నాం. దానికి కారణమూ ఉంది. ఇండియా నుంచి వచ్చే పెద్దవాళ్ళకు తీసుకునే చాలా విజిటర్ ఇన్సూరెన్స్ పాలసీల్లో హఠాత్తుగా వచ్చిన నొప్పికీ ప్రమాదానికీ తప్ప పంటికి ఏమీ రాదు. 1965లో పెట్టిన నాటి నుంచీ మెడికేర్ (ఇక్కడ ముఖ్యంగా పెద్దవయసువాళ్ళకు ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా) మామూలు పంటి వైద్యాన్ని బయటే ఉంచింది. మన ఉద్యోగాల డెంటల్ ప్లాన్లకు కూడా ఏడాదికి వెయ్యి, రెండు వేల డాలర్ల దగ్గర గిరి గీసి ఉంటుంది, కాస్మెటిక్ అంటే అదీ ఇవ్వరు. హైదరాబాద్‌లో చేయిద్దామంటే, పోయిన పంటి చోట ఎముకలో బిగించే ఇంప్లాంట్ ఆ ఎముకతో కలవడానికే మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. మూడు వారాల సెలవులో అన్నీ ముగించాలని తొందరపెట్టకండి.

అందుకే మన సంఘం కార్యవర్గానికి (ఈసీకి) నా విన్నపం. దసరా, బతుకమ్మ సంబరాలకు అదే స్పాన్సర్‌ను మళ్ళీ అడగండి. ఒక్కరికిచ్చే ఆ మేకోవర్ ఖర్చుతో పెద్దవాళ్ళు కొందరికి పరీక్ష, ఎక్స్‌రే, క్లీనింగ్ తమ క్లినిక్‌లోనే చేసిపెట్టమనండి. హాల్లో తెర చాటున ఒక బల్ల వేయండి, మన తెలుగు డెంటిస్టులు ఒక గంట కూర్చుంటే చాలు. వేదిక మీద ఎవరినీ నోరు తెరవమనకండి. తక్కువ ఫీజు తీసుకునే డెంటల్ స్కూళ్ళు, కమ్యూనిటీ హెల్త్ సెంటర్ల జాబితా తెలుగులో అచ్చువేసి ప్రతి కుటుంబానికీ ఇవ్వండి. ఆ జాబితా తయారుచేసే పని నాకు అప్పగించండి. పెద్దవాళ్ళను క్లినిక్‌కు తీసుకెళ్ళడానికి కార్లున్నవాళ్ళు కావాలి, వచ్చే ఈసీ మీటింగ్‌లో పేర్లు ఇవ్వండి.