మందు రాయాల్సింది జుట్టుకి కాదు మహాప్రభో, చర్మానికి!

ఇప్పుడే ఒక రీల్ కంటపడింది. ఒత్తైన జుట్టున్న ఒక కుర్రాడు మినాక్సిడిల్ సీసా మూత తీశాడు, అదే, పల్చబడిన జుట్టు మళ్లీ మొలవడానికి నెత్తికి రాసే మందు. డ్రాపర్‌తో అరచేతిలో ఇన్ని చుక్కలు పోసుకున్నాడు. రెండు చేతులూ రుద్దుకుని, నుదుటి మీంచి వెనక్కి జుట్టంతా నిమిరేసి, అద్దంలో చూసుకుని కన్ను కొట్టాడు. ముప్పై సెకన్లలో వైద్యం పూర్తి. కింద వరసగా "అన్నా సూపర్", "అన్నా ఏ కంపెనీ", "అన్నా ఎన్ని నెలలు". "అన్నా, ఇంతకీ మందు ఎక్కడికి పోయింది?" అని అడిగిన నాథుడు ఒక్కడూ లేడు.

ఎక్కడికి పోయిందో నేను చెప్తాను. కొంత అరచేతులు తాగాయి, మిగతాది వెంట్రుకలు తాగాయి. తల చర్మానికి దక్కింది వాసన.

వెంట్రుక బయటికి వచ్చేసరికే అది ప్రాణం లేని కెరటిన్ అనే ప్రొటీన్. దానికి ఎంత మందు పూసినా పెరగదు, మహా అయితే జిడ్డోడుతుంది. పనంతా చర్మం లోపల, కుదురు దగ్గర. మందు అక్కడిదాకా దిగాలి, అక్కడుండే సల్ఫోట్రాన్స్‌ఫరేజ్ అనే ఎంజైమ్ దాన్ని మినాక్సిడిల్ సల్ఫేట్‌గా మార్చాలి, అప్పుడు గానీ పని మొదలవదు. జుట్టుకి పూసి కుదురు కోలుకోవాలనుకోవడం గొడుగేసుకుని వానలో తలస్నానం చేయడం లాంటిది.

పోనీ ఇదేమన్నా నిన్నగాక మొన్న వచ్చిన మందా? 1979లో అమెరికాలో బీపీ మాత్రగా అనుమతి వచ్చింది. మింగినవాళ్లకి ఒంటి మీద ఎక్కడపడితే అక్కడ వెంట్రుకలు మొలుస్తుంటే, ఇదేదో తలకి పనికొచ్చేలా ఉందే అని పైన రాసుకునే ద్రావణం తయారుచేశారు. 1988లో దానికీ అనుమతి వచ్చింది. ఇన్నేళ్లలో 2 శాతం తర్వాత 5 శాతం వచ్చింది, ఫోమ్ వచ్చింది, స్ప్రే వచ్చింది. రాసుకునే పద్ధతి మాత్రం జనం దాకా రాలేదు. వస్తుందా మరి? చీటీ మీద "రోజుకి రెండుసార్లు" అని గీకి తర్వాతి పేషెంటుని పిలుస్తారు. ఎక్కడ, ఎంత, ఎలా అన్నదంతా అట్టపెట్టెలో ఎనిమిది మడతలు పెట్టిన కాగితంలో, భూతద్దానికి కూడా అందని అక్షరాల్లో ఉంటుంది. ఆ కాగితం పెట్టె తెరిచిన నిమిషంలోనే చెత్తబుట్టలోకి పోతుంది. మిగిలేది రీలే.

సరే, కోపం పక్కన పెట్టి చెప్తా. పక్కన పెట్టట్లేదు గానీ చెప్తా.

ముందు తల ఆరాలి. తువ్వాలుతో రెండు తుడుపులు తుడిచి ఆరిందనుకోవద్దు. కుదుళ్ల దగ్గర వేలు పెడితే చల్లగా తగిలిందంటే ఇంకా తడి ఉన్నట్టే. తడి మీద పోస్తే మందు పల్చబడి చెవుల వెనక్కీ మెడ మీదకీ జారిపోతుంది. నెత్తి మీద నూనె, జెల్, వ్యాక్స్ పొరలా ఉన్నా అంతే, మందు ఆ పొర మీదే ఆగిపోతుంది. కాబట్టి ముందు శుభ్రమైన తల, దాని మీద మందు, అది పూర్తిగా ఆరాకే మీ జెల్లులూ, పల్చబడిన నెత్తిని కప్పడానికి చల్లుకునే హెయిర్ ఫైబర్ల పొడులూ. ఈ వరస తిరగబడితే డబ్బు పోసి జెల్‌కి వైద్యం చేసినట్టే.

తర్వాత పాపిట. రీల్‌లో ఎవడూ చూపించనిది ఇదే, ఎందుకంటే ఇందులో స్టైల్ లేదు. పల్చబడిన చోట దువ్వెన మొనతో పాపిట తీయండి. చర్మం గీతలా కనపడాలి. డ్రాపర్ మొన ఆ గీతకి దగ్గరగా, కానీ చర్మానికి తగలకుండా పెట్టి, నింపిన దాంట్లో ఐదో వంతు ఆ గీత వెంబడి వదలండి. వెంటనే వేలి కొసతో అద్దండి. అద్దడమే, రుద్దడం కాదు. రుద్దే కొద్దీ మందు వేలికీ చుట్టూ ఉన్న వెంట్రుకలకీ అంటుకుంటుంది. అర అంగుళం జరిగి ఇంకో పాపిట. ఇలా ఐదు పాపిళ్లలో మొత్తం 1 మి.లీ. సర్దాలి. నడినెత్తి పల్చబడితే అక్కడ మొదలుపెట్టి అంచులకి రావాలి. చాలామంది అద్దంలో కనపడుతుంది కదా అని ముందు నుదుటి అంచునే తడిపి, నడినెత్తికి వచ్చేసరికి సీసాలో తలపెట్టి చూస్తారు. ఈ మందు గట్టిగా పనిచేస్తుందని తేలింది నడినెత్తి మీదే అన్న సంగతి వాళ్లకి చెప్పేవాళ్లెవరు!

స్ప్రే అయితే ఇంకో ప్రహసనం. చెయ్యి చాపి దూరం నుంచి జుట్టు మీద కొట్టుకుంటారు. అది సెంటు కాదండీ. పొడుగు ముక్కున్న నాజిల్ పెట్టెలో ఇస్తే దాన్ని బిగించి, పాపిట దగ్గరగా పెట్టి నొక్కాలి. ఒక్క నొక్కుకి 1 మి.లీ. రాదు. ఆరేడు నొక్కులు కావాల్సిన పంపులు ఉన్నాయి, మీ సీసాకి ఎన్నో ఆ మడతల కాగితంలోనే ఉంటుంది.

కొలత విషయంలో ఒక తేలికైన లెక్క ఉంది. పూటకి 1 మి.లీ., రోజుకి రెండు పూటలు, 60 మి.లీ. సీసా సరిగ్గా 30 రోజులు రావాలి. యాభై రోజులు వచ్చిందంటే మీరు పొదుపు చేస్తున్నారు, ఇరవై రోజులకే అయిపోయిందంటే చర్మానికి కాకుండా ఇంకెవరికో పోస్తున్నారు. "ఒక పూట మర్చిపోయాను, రాత్రికి రెండు డ్రాపర్లు పోసేశాను" అనేవాళ్లకి దండం. ఎక్కువ పోస్తే ఎక్కువ మొలవదు. పోయిన పూట పోయినట్టే, తర్వాతి పూట మామూలు కొలతే. మిగిలింది నుదుటి మీంచి బుగ్గల మీదకి కారితే అక్కడ నూగు మొలుస్తుంది, ఆడవాళ్లకి ముఖ్యంగా. ఆ తర్వాత "మందు పడలేదు" అంటారు. పడింది తల్లీ, పడకూడని చోట పడింది. 5 శాతం ఫోమ్ ఆడవాళ్లకి రోజుకి ఒక్కసారే అని డబ్బా మీదే రాసి ఉంటుంది, రెండుసార్లు కాదు.

రాశాక చేతులు సబ్బుతో కడుక్కోండి. నాలుగు గంటలు తల తడపొద్దు. పడుకునే ముందు రాయడమంటే దిండు మీద తల పెట్టే నిమిషంలో కాదు, కనీసం రెండు గంటల ముందు. లేకపోతే మందు దిండుకి, దిండు నుంచి మొహానికి. త్వరగా ఆరాలని హెయిర్ డ్రయ్యర్ పెట్టేవాళ్లున్నారు, వద్దు, దానంతట అదే ఆరనివ్వండి. ద్రావణంలో ఉన్నది ఆల్కహాల్, ఆరకముందు సిగరెట్టు దగ్గరికీ పొయ్యి దగ్గరికీ పోవద్దు. ఇంట్లో పిల్లి ఉంటే ఇంకా జాగ్రత్త. మందు అంటిన చెయ్యి గానీ దిండు గానీ అది నాకితే ప్రాణం మీదకి వస్తుంది, పిల్లులకి మినాక్సిడిల్ విషం. ఈ ఒక్క ముక్క చెప్పడానికి రీల్‌లో మూడు సెకన్లు చాలు. కన్ను కొట్టడానికి దొరికాయి, దీనికి దొరకలేదు.

ఇక "మందు రాస్తే చుండ్రు వచ్చింది" అనే బ్యాచ్. ఆల్కహాల్ ఎగిరిపోయాక మిగిలిన మందు తెల్లటి పొడిగా పేరుకుంటుంది. అది చాలాసార్లు చుండ్రు కాదు, మీరు రాసిన మందే. వెంట్రుకల మీద ఎక్కువ పొడి కనపడుతోందంటే మందు చర్మం దాకా చేరలేదని అర్థం. పరీక్షలో తప్పినట్టే అది, కానీ ఆ మార్కుల కాగితం ఎవడూ చదవడు. దురదా మంటా ఎర్రదనం ఉంటే మాత్రం సంగతి వేరు. చాలామందికి అది మినాక్సిడిల్ వల్ల కాదు, దాన్ని కరిగించడానికి వేసిన ప్రొపిలీన్ గ్లైకాల్ వల్ల. ఫోమ్‌లో అది ఉండదు, డాక్టర్ని అడిగి ఫోమ్‌కి మారొచ్చు.

ఫోమ్‌కీ దాని తిక్క దానికుంది. వెచ్చటి వేళ్లకి తగలగానే కరిగి నీళ్లయిపోతుంది. చేతులు చల్లటి నీళ్లతో కడిగి, తుడుచుకుని, డబ్బా తలకిందులుగా పట్టుకుని, సగం మూత కొలత తీసుకోవాలి. అరచేతిలో వద్దు, చల్లటి వేలి కొసలతో కొంచెం కొంచెంగా పాపిటల్లో అద్దాలి. మూతలో తీసి ఫోన్ చూసుకుంటూ కూర్చుంటే అక్కడ మిగిలేది నీళ్ల చుక్క.

ఇంకొందరు వీరులు డెర్మా రోలర్‌తో, అంటే సన్నటి సూదులున్న చిన్న చక్రంతో, నెత్తి గీరుకుని, రక్తం చుక్కలు కనపడుతుండగానే పైన మందు పోస్తారు, బాగా లోపలికి పోతుందట. పోతుంది, నిజమే! ఆరోగ్యంగా ఉన్న చర్మం మీద రాసిన దాంట్లో సగటున 1.4 శాతమే రక్తంలోకి చేరుతుంది. గాయం మీద పోస్తే ఆ లెక్క ఉండదు. ఇది మొదట బీపీ మందని పైన చెప్పాను కదా. గుండె దడ, కళ్లు తిరగడం, ఛాతీ నొప్పి, చేతులూ కాళ్లూ వాయడం, వీటిలో ఏది కనపడినా ఆపేసి డాక్టర్ దగ్గరికి పోవాలి. రోలర్ పెట్టిన రోజు మందుకి సెలవు, 24 గంటలయ్యాకే మళ్లీ. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, 18 ఏళ్లు నిండనివాళ్లు దీని జోలికే పోకూడదు. నాణెమంత గుండ్రంగా ఒక్కసారిగా ఊడినా, చర్మం ఎర్రబడి పుండు పడినా ఇది దానికి మందు కాదు.

అసలు ఒళ్లు మండేది వీటన్నిటికీ కాదు. ముందూ తర్వాతా అని పెట్టే ఆ ఫోటోలకి! ఎప్పటి నుంచో ఉన్న మంట ఇది. మొదటి ఫోటో: తల తడిగా, నెత్తి మీద సరిగ్గా బల్బు, ఫ్లాష్ వేసి, మెడ వంచి. రెండో ఫోటో: జుట్టు పొడిగా, రెండంగుళాలు పెరిగి, డ్రయ్యర్ కొట్టి, ఎదురుగా మెత్తటి వెలుతురు, పాపిట అటు నుంచి ఇటు మార్చి. మధ్యలో "90 రోజులు" అని పెద్ద అక్షరాలు. తడి జుట్టు గుత్తులుగా అతుక్కుంటే ఎవరి నెత్తయినా పల్చగానే కనపడుతుంది. ఫైబర్ చల్లిన ఫోటోనైతే పట్టుకోవడం ఇంకా సులువు, చర్మమే నల్లబడి ఉంటుంది. జుట్టు మొలిస్తే చర్మం రంగు మారదు కదా!

ఈ ఫోటోల పుణ్యమే జనం రెండో నెలలో మందు మానేయడం. మొదలుపెట్టిన రెండు నుంచి ఎనిమిది వారాల మధ్య జుట్టు మామూలు కంటే ఎక్కువ ఊడొచ్చు. విశ్రాంతి దశలో ఉన్న పాత వెంట్రుకల్ని తోసేసి కుదురు కొత్త వెంట్రుకని మొదలుపెట్టడం వల్ల అది. రీల్ చూసి మొదలుపెట్టినవాడికి ఆ సంగతి ఎవడు చెప్పాడు? దువ్వెన నిండా జుట్టు చూసి హడలిపోయి సీసా పారేస్తాడు. తిట్లు మందుకి. ఆ తర్వాత "10 శాతం, డబుల్ పవర్" అని అమ్మేవాడి దగ్గరికి పరుగు. శాతం పెరిగితే జుట్టు పెరుగుతుందన్న లెక్క లేదు బాబూ, మంట పెరుగుతుందన్న లెక్క మాత్రం ఉంది.

మీ ఫోటో మీరే తీసుకోండి. ఒకే గది, ఒకే దీపం, ఫ్లాష్ లేకుండా, పొడి తల, అదే పాపిట, జుట్టు అంతే పొడవు, కెమెరా అంతే దూరంలో. మొదలుపెట్టే రోజు ఒకటి, తర్వాత మూడు నెలలకొకటి. రోజూ అద్దంలో వెతుక్కుంటే ఏమీ కనపడదు. నాలుగో నెల లోపు తీర్పు చెప్పొద్దు, ఏడాది దాకా ఆగండి. పనిచేస్తోందని తేలితే మానొద్దు, మానేస్తే మూడు నాలుగు నెలల్లో వచ్చింది వచ్చినట్టే పోతుంది. ఏడాది పాటు చర్మానికే రాసి, పూట తప్పకుండా రాసి, ఫోటోల్లో వెంట్రుకవాసి తేడా లేకపోతే మందుని పనికొచ్చేలా మార్చే ఆ ఎంజైమ్ మీ కుదుళ్లలో చాలినంత లేకపోవచ్చు, అలాంటివాళ్లు ఉన్నారు. అప్పుడు చర్మ వైద్యుణ్ణి వేరే దారి అడగండి. ఆ మాట అమ్మేవాడు చెప్పడు, ఎందుకంటే అతనికి మీరు పదమూడో నెల సీసా కూడా కొనాలి.