రథయాత్రకెళ్లి రంగు కోడిపిల్లల్ని తేకండి

రథయాత్రకెళ్తే ఖాజాలు తెండి, బూరలు తెండి, ప్లాస్టిక్ కళ్లజోళ్లు తెండి. గులాబీ రంగు, ఆకుపచ్చ రంగు పూసిన కోడిపిల్లల్ని మాత్రం తేకండి. ఈ మాట ఒడిశాలోని మా పర్లాకిమిడి వాళ్లకే కాదు, గుణుపురం, రాయగడ, బరంపురంలో ఉన్న మనవాళ్లందరికీ చెప్తున్నాను. తిట్టుకుంటే తిట్టుకోండి.

కిందటేడు మా చిన్నదాని ఏడుపు చూడలేక మా ఆయన అయిదు తెచ్చారు. "అమ్మా, కుకుడా ఛువా!" అని అది ఒకటే గెంతులు. (బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు. సంతోషమొస్తే ఏది ముందొస్తే అది.) తెల్లారేసరికి రెండు పోయాయి. మధ్యాహ్నానికి మూడోది. మా అత్త "దిష్టే తగిలింది" అంది. దిష్టి కాదు, చలి. ఆషాఢం ముసురులో, గచ్చు మీద అట్టపెట్టెలో తల్లి లేని పిల్లల్ని పడుకోబెడితే ఇంకేటవుతుంది?

అసలు అవెక్కడివో తెలుసా? గుడ్ల కోళ్ల హేచరీల్లో పుట్టిన పుంజుపిల్లలు. గుడ్డు పెట్టవు, బ్రాయిలర్‌లాగ కండ పట్టవు. వాళ్లకి దండగ. అందుకే రంగు పూసి చిల్లర డబ్బులకి వదిలించుకుంటారు. పిల్ల గుడ్డులోంచి బయటపడే ముందు మిగిలిన పచ్చసొనని కడుపులోకి లాక్కుంటుంది. దాంతో రెండు మూడు రోజులు మేతా నీళ్లూ లేకపోయినా నెట్టుకొస్తుంది. తిరనాళ్లో అంత హుషారుగా కిచకిచలాడేది ఆ సొన పుణ్యమే. మనింటికొచ్చేసరికి ఆ సద్దిమూట ఖాళీ.

"మా ఊళ్లో నాటుకోడి పిల్లల్ని ఎవరు చూశారు, వాటంతటవే పెరిగాయి" అంటారు కొందరు. వాటంతటవి పెరగలేదు బాబూ, పెట్ట పెంచింది. 21 రోజులు పొదిగి, ఆ తరవాత కూడా వారాల తరబడి రెక్కల కింద దాచుకుని, ఏది తినాలో ముక్కుతో పొడిచి చూపించి, డేగ నీడ కనిపిస్తే కేకేసి పెంచింది. మీరు తెచ్చినవాటికి ఆ పెట్ట ఎవరు?

మొదటి వారం పిల్లలున్న చోట వేడి 35 డిగ్రీలుండాలి. తరవాత వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించుకోవచ్చు. థర్మామీటరు లేకపోతే పిల్లల్నే చూడండి. ఒకదాని మీదొకటి ఎక్కి అరుస్తుంటే చలి. వేడికి పెట్టిన బల్బుకి దూరంగా పోయి నోళ్లు తెరిచి రొప్పుతుంటే ఉక్క. అక్కడొకటి ఇక్కడొకటి కాళ్లు చాపి పడుకుంటే సరిపోయినట్టే.

నా అసలు కడుపుమంట ఆ బల్బు దగ్గరే. మిగిలిన రెండు పిల్లల కోసం ఫిలమెంటు బల్బు కావాలని ఊరంతా తిరిగాను. ఏ కొట్టుకెళ్లినా ఎల్‌ఈడీ చేతిలో పెట్టి "వెలుగు బాగా వస్తాదమ్మా" అంటాడు. వెలుగెవరిక్కావాలయ్యా, నాకు వేడి కావాలి! ఎల్‌ఈడీ కింద పెడితే పిల్ల చక్కగా వెలుగులో వణుకుతుంది, అంతే తేడా. 2015లో సర్కారు ఉజాలా పథకం ఎల్‌ఈడీ బల్బులొచ్చాక పాతవన్నీ చెత్తలోకెళ్లాయి. కరెంటు ఆదా మంచిదే, కాదనను. ఆఖరికి సరిహద్దవతల ఆంధ్రాలో ఉన్న పాతపట్నంలో ఒక పాత కొట్లో దుమ్ము పట్టిన 60 వాట్లవి రెండు దొరికాయి. బల్బు కోసం రాష్ట్రం దాటినదాన్ని నేనొక్కర్తినే అయ్యుంటాను. కరెంటు పోతే వేడినీళ్ల సీసాకి పాత చీరముక్క చుట్టి మధ్యలో పెట్టాను. బొగ్గుల కుంపటి మాత్రం మూసిన గదిలో పెట్టకండి, పిల్లలతోపాటు మనమూ పోతాం.

ముందు నీళ్లు, తరవాత మేత. లోతు లేని పళ్లెంలో గులకరాళ్లు వేసి నీళ్లు పొయ్యండి, లేకపోతే అందులోనే పడి చస్తాయి. న్యూస్‌పేపరు పరిస్తే కాళ్లు జారి పక్కలకి విడిపోతాయి, వరిఊక నయం. నూకలొక్కటే చాలవు, చిక్ స్టార్టరు, అంటే చిన్న కోడిపిల్లల మేత, కొనాలి. మా అత్త చెదపురుగులు దులిపి వేసింది. అది భేషైన పని, ఒప్పుకుంటాను. రెట్ట వెనకాల అంటుకుని గట్టిపడితే గోరువెచ్చటి నీళ్లలో ముంచిన దూదితో తుడవాలి, పీకకూడదు. పిల్లల్ని ముట్టుకున్నాక చిన్నవాళ్ల చేత సబ్బుతో చేతులు కడిగించండి. ముద్దులు అసలొద్దు.

కోళ్లకొచ్చే కొక్కెర తెగులు టీకా సంగతి ఇంకోటి. అయిదు నుంచి ఏడు రోజుల లోపు లసోటా అనే ఆ టీకా మందు చుక్క కంట్లోనో ముక్కులోనో వెయ్యాలి. నాకు దొరికింది నూరు డోసుల సీసా. కలిపాక గంటా రెండు గంటల్లో వాడెయ్యాలి. నా దగ్గరున్నవి రెండు పిల్లలు! వీధిలో కోళ్లున్న వాళ్లందరి గుమ్మాలెక్కాను. "ఏటి వదినా, కోడిపిల్లకి కూడా పోలియో చుక్కలా" అని నవ్వారు. వచ్చినవాళ్లు ఇద్దరు. మిగతా మందంతా పారబోశాను.

ఆ రెండింటిలో ఒకదాన్ని పిల్లి ఎత్తుకుపోయింది, తప్పు నాదే, కిటికీ వెయ్యలేదు. రెండోది బతికింది. రంగంతా ఈకలతో రాలిపోయి తెల్లటి పుంజయింది, మా చిన్నది మాత్రం ఇప్పటికీ "గులాబీ" అనే పిలుస్తాది. నాలుగింటికే కూస్తున్నాడని పక్కింటివాళ్ల ఫిర్యాదు.

ఇంత చెప్పినా ఈ ఏడూ ఎవరో ఒకరు తెస్తారని తెలుసు. మా దగ్గర ఒక 60 వాట్ల బల్బు మిగిలుంది. పట్టుకెళ్లండి, నెల తరవాత తిరిగివ్వాలి.