300 మంది అంటారు, మరి ఆ 700 మంది?

మొన్న ఆదివారం మా అన్నయ్య కొడుకు కొత్త టీషర్ట్ వేసుకుని ఇంటికొచ్చాడు. ఛాతీ మీద స్పార్టా సైనికుడి శిరస్త్రాణం, దాని కింద పెద్ద అక్షరాల్లో 300. "బాబాయ్, మూడొందల మంది లక్షల మందిని ఆపేశారు తెలుసా?" అన్నాడు. వాడి ఉత్సాహం చూసి అప్పటికి ఊరుకున్నాను. కానీ రాత్రి నిద్ర పట్టలేదు. వాడికి చెప్పాల్సింది ఇక్కడే రాస్తున్నాను, ఎలాగూ చదువుతాడు.

గ్రీసులోని థర్మోపైలే కనుమలో చివరి రోజు నిలబడింది స్పార్టా అనే గ్రీకు నగరం వాళ్లు 300 మంది మాత్రమే కాదు.

క్రీ.పూ. 480 వేసవి. పర్షియా చక్రవర్తి జెర్క్సీస్ సైన్యం ఉత్తరం నుంచి దిగి వస్తోంది. థర్మోపైలే దగ్గర ఒక పక్క కొండ, ఒక పక్క సముద్రం, మధ్యలో ఇరుకు దారి. దాన్ని కాయడానికి వచ్చిన గ్రీకులు ఆరేడు వేల మంది. రెండు రోజులు ఊళ్లవారీగా వంతులేసుకుని పోరాడారు. ఆ తర్వాత ఎఫియాల్టీస్ అనే అక్కడి మనిషి కొండ మీది కాలిబాట శత్రువుకి చూపించేశాడు. ఇక వెనక నుంచి చుట్టుముడతారని తెలిశాక స్పార్టా రాజు లియోనిడాస్ చాలామందిని ఇళ్లకు పంపేశాడు.

థెస్పియా వాళ్లు 700 మంది వెళ్లలేదు. హెలికాన్ కొండ దగ్గరున్న చిన్న ఊరు వాళ్లది. నాయకుడి పేరు డెమోఫిలస్. స్పార్టా వాళ్లను వదిలి పోము అన్నారు, అక్కడే చచ్చిపోయారు. స్పార్టాలో మగవాళ్లు 8,000 మంది ఉంటారని, ఈ యుద్ధాల చరిత్ర రాసిన గ్రీకు రచయిత హెరొడోటస్ రాతల్లో ఉంది. అందులోంచి వచ్చింది 300. థెస్పియాకి ఆ 700 అంటే ఊరి బలంలో పెద్ద వంతు. ఏ త్యాగం పెద్దదో మీరే లెక్క వేసుకోండి.

ఆ స్థలంలో చెక్కించిన మూడు శాసనాల్ని హెరొడోటస్ ఎత్తి రాశాడు. ఒకటి దక్షిణ గ్రీసులోని పెలొపొనీస్ నుంచి వచ్చినవాళ్ల పేరిట, ఒకటి స్పార్టన్లకి, ఒకటి మెగిస్టియాస్ అనే జోస్యుడికి. థెస్పియా వాళ్లది ఆ మూడింటిలో లేదు. అయితే వాళ్లలో అందరికంటే పేరు తెచ్చుకున్నవాడు హర్మటిడీస్ కొడుకు దితిరాంబోస్ అని మాత్రం రాశాడు. ఆ పేరు ఏ టీషర్ట్ మీదైనా చూశారా? అక్కడ లియోనిడాస్ విగ్రహం 1955లో లేచింది. ఆ 700 మందికి స్మారకం రావడానికి 1997 దాకా పట్టింది.

"స్వేచ్ఛ కోసం పోరాడారు బాబాయ్" అని కూడా అన్నాడు మా వాడు. ఏథెన్స్ గురించి ఆ మాట అంటే కొంత ఒప్పుకుంటాను. స్పార్టా గురించి అంటే మాత్రం నాకు కడుపు మండుతుంది. స్పార్టా పొలాలన్నీ దున్నింది హెలాట్లు, అంటే వాళ్ల కింద బానిసల్లా బతికినవాళ్లు. వాళ్ల మీద ఏటా యుద్ధం ప్రకటించేవారు, చంపినా పాపం అంటకూడదని! మరుసటి ఏడాది పర్షియన్లతోనే జరిగిన ప్లాటియా యుద్ధానికి 5,000 మంది స్పార్టన్లు వస్తే, ఒక్కొక్కరి వెంట ఏడుగురు చొప్పున 35,000 మంది హెలాట్లు వచ్చారు. థర్మోపైలేలోనూ హెలాట్ల శవాలు ఉన్నాయి. వాళ్లని ఎవరూ లెక్కలో వేసుకోరు.

ఇక ఈ 300 మంది కథల్లో పర్షియన్లని రాక్షసుల్లా చూపించడం. ఆ సైన్యంలో సింధు వైపు నుంచి నూలు బట్టలు కట్టుకుని వెళ్లినవాళ్లు కూడా ఉన్నారు. రాక్షసులంటే వాళ్లూనా? ఎదురుగా నిలబడి పోరాడిన మనిషి అలా చూడలేదు. ఏథెన్స్ నాటక కవి ఎస్కిలస్ అంతకుముందు పర్షియన్లతో జరిగిన మారథాన్ యుద్ధంలో ఆయుధం పట్టాడు, అక్కడే తమ్ముడో అన్నో, తోడబుట్టినవాణ్ని పోగొట్టుకున్నాడు. అలాంటివాడు క్రీ.పూ. 472లో 'పర్షియన్లు' నాటకం రాసి, పర్షియా వాళ్ల సూసా నగరంలో కొడుకు జెర్క్సీస్ కోసం ఎదురుచూసే రాజమాతని, ఆ కొంప మునిగిన దుఃఖాన్ని ఏథెన్స్ జనం ముందు పెట్టాడు. నాకు ఆ యుద్ధాల మొత్తంలో చేతులెత్తి దండం పెట్టాలనిపించే పని అదే.

అసలు జెర్క్సీస్‌ని వెనక్కి తిప్పింది కనుమ కాదు, సలామిస్ దీవి దగ్గరి సముద్రపు పోరు. అంతకు మూడేళ్ల ముందు ఏథెన్స్ వాళ్ల లారియాన్ గనుల్లో వెండి బాగా పడింది. తలా పది ద్రాక్మాలు పంచేసుకుందాం అన్నారు. థెమిస్టోక్లీస్ అనే నాయకుడు వద్దని, ఆ డబ్బుతో ఓడలు కట్టిద్దామని జనాన్ని ఒప్పించాడు. చేతికొచ్చే డబ్బు వదులుకోవడానికి ఆ జనం ఒప్పుకున్నారు చూడండి, అది నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. సలామిస్‌లో ఏథెన్స్ ఓడలే 180. ఓడకి 170 మంది తెడ్లు వేసేవాళ్లు, అంటే 30,000 మంది! ఎక్కువమంది కవచం కొనుక్కునే స్తోమత లేనివాళ్లు. మనిషికో తెడ్డు, కింద వేసుకునే ఒక మెత్త, తెడ్డుని పట్టి ఉంచే తోలు పట్టీ, అంతే వాళ్ల సరంజామా. మూడు వరసల్లో కింది వరసవాళ్లకి బయట ఏం జరుగుతోందో కనపడదు. పైవాళ్ల చెమట నెత్తిన కారుతుంటే, పిల్లనగ్రోవి లయకి తెడ్డు లాగడమే. ఓడ మునిగితే ముందు పోయేది వాళ్లే. వెనక వాళ్ల ఊరు అప్పటికే తగలబడుతోంది. అయినా లాగారు. గెలిచారు. ఒక్కరి బొమ్మ కూడా మా వాడి బీరువాలో లేదు.

ఒరేయ్ నాన్నా, ఆ టీషర్ట్ విప్పేయమనడం లేదు. వేసుకో. ఎవరైనా అడిగితే మాత్రం థెస్పియా సంగతి కూడా చెప్పు. కనుమ పడిపోయాక జెర్క్సీస్ వాళ్ల ఊరు తగలబెట్టించాడు. ఆడవాళ్లు, పిల్లలు అప్పటికే పెలొపొనీస్‌కి తరలిపోయారు. మరుసటి ఏడాది ప్లాటియాలో గ్రీకు సైన్యం బారులు తీరినప్పుడు, ఇల్లూ వాకిలీ లేని ఆ ఊరివాళ్లు 1,800 మంది మళ్లీ వచ్చి నిలబడ్డారు. ఒంటి మీద కవచాలు కూడా లేవు.