ఖండం సహకరించడం లేదు

ఆఫ్రికా మీద ఆర్ట్ క్విల్టులు కుట్టేవాళ్ల తరఫున మాట్లాడే దిక్కు లేదు. ఆ లోటు తీర్చాలనే ఈ నాలుగు ముక్కలు. అమెరికాలో, ఇంగ్లండులో, ఆస్ట్రేలియాలో ఎందరో సహృదయులు ఓ వారం పది రోజులు సఫారీ చేసొచ్చి, ఆ తర్వాత నెలల తరబడి కుట్టు మిషన్ ముందు కూర్చుని ఆ ఖండాన్ని మీటరు వెడల్పు గుడ్డలోకి దించుతున్నారు. మూడు కోట్ల చదరపు కిలోమీటర్లు, 54 దేశాలు. వీళ్లు ఇంత నడుం విరుచుకుంటుంటే ఖండం వైపు నుంచి కనీస సహకారం లేదు. నా ఫిర్యాదు అదీ.

ఆర్ట్ క్విల్టు అంటే మన బొంతే. పైన ఒక గుడ్డ, కింద ఒక గుడ్డ, నడుమ మెత్తటి పొర, మూడింటినీ కలిపి కుట్టు. కాకపోతే దీన్ని కప్పుకోకూడదు. వెనకాల గొట్టంలా ఒక పట్టీ కుట్టి, అందులో కర్ర దూర్చి గోడకి తగిలించాలి. 1979లో ఒహాయో రాష్ట్రంలోని ఏథెన్స్ అనే ఊళ్లో, పాత పశువుల కొట్టంలో ఇలాంటి వాటికి జాతీయ ప్రదర్శన మొదలుపెట్టారు. అప్పటి నుంచి బొంత హోదా పెరిగింది, దాని కింద పడుకునే హక్కు పోయింది.

ఆఫ్రికా క్విల్టుకి ఒక శాస్త్రం స్థిరపడింది. కింద నలుపు, పైన నారింజ. నలుపులోంచి గొడుగులా విచ్చుకున్న తుమ్మ చెట్టు లేస్తుంది, దాని పక్కన జిరాఫీ నిలబడుతుంది, వెనకాల సూర్యుడు అస్తమిస్తూ ఉంటాడు. అస్తమిస్తూనే ఉంటాడు. ఆఫ్రికాలో మధ్యాహ్నం పన్నెండు కొట్టిన క్విల్టు నేనింతవరకు చూడలేదు. పేరు 'ఆఫ్రికా ఆత్మ' అనో, దానికి దగ్గర్లోనో ఉంటుంది.

ఇందులో ఖండం చేస్తున్న ద్రోహం చూడండి. భూమధ్యరేఖ దగ్గర సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా దిగిపోతాడు. సంజ ఎక్కువసేపు నిలవదు, కెమెరా బ్యాగు జిప్పు తీసేలోపే చీకటి. పసుపు నుంచి ఎరుపు దాకా చేత్తో రంగులద్దిన గుడ్డలు కొనుక్కున్నవాళ్ల గతేంటి? నైరోబీ నేషనల్ పార్కు మరీ అన్యాయం. 1946 నుంచి ఊరి అంచునే ఉంది. అక్కడ జిరాఫీ మెడ ఎత్తిందంటే వెనకాల అంతస్తుల మేడలు. వాటిని ఫొటోలోంచి తీసేయడం, పక్కన నిలబడ్డ మసాయి తెగ కుర్రాడి చేతిలోంచి ఫోన్ తీసేయడం, ఈ అదనపు చాకిరీ అంతా క్విల్టు మనిషిదే. ఆ ఫోన్‌తో డబ్బు పంపుకోవడం కెన్యాలో 2007 నుంచీ మామూలు కావొచ్చు. నారింజ రంగు మీద అది బాగోదు. దక్షిణాన ఉన్న లెసోతో అనే కొండల దేశం సంగతి చెప్పనే అక్కర్లేదు. చలికాలం అక్కడి కొండల మీద మంచు పడుతుంది, జనం మందపాటి ఉన్ని దుప్పట్లు చుట్టుకుని గుర్రాల మీద తిరుగుతారు. ఇది క్రమశిక్షణా రాహిత్యం.

గిట్టనివాళ్లు కొందరు అడుగుతున్నారు: ఘనాలోని కుమాసీ నుంచి ఒకావిడ వచ్చి కోనసీమ చూసిపోయి, ఓ కొబ్బరిచెట్టూ ఓ ఒంగోలు గిత్తా ఓ సూర్యుడూ కుట్టి 'ఆసియా ఆత్మ' అని పేరు పెడితే మీరు ఊరుకుంటారా అని. ఎందుకు ఊరుకుంటాం? కోనసీమలో ఒంగోలు గిత్త ఏమిటని ముందు జిల్లాల వారీగా మాలో మేము కొట్టుకుంటాం. అది తేలేసరికి ఆవిడ ఇంకో రెండు క్విల్టులు అమ్ముకుని ఉంటుంది.

అసలు టెన్షన్ గుడ్డ దగ్గర మొదలవుతుంది. జిరాఫీ ఒంటికి 'అచ్చమైన ఆఫ్రికన్ ప్రింటు' వేయాలని క్విల్టు మనిషి పట్టుదల. న్యాయమే. కానీ మైనం అద్దకపు గుడ్డల్లో పేరుమోసినవి తయారయ్యేది హాలండులోని హెల్మండ్ అనే ఊళ్లో. వాటిని చేసే వ్లిస్కో కంపెనీ 1846లో పుట్టింది. జావాలో చేత్తో మైనం అద్ది రంగులేసే బాతిక్ గుడ్డని మిషన్ల మీద అనుకరించాలని డచ్చివాళ్ల ఆలోచన. జావావాళ్లు పెద్దగా మెచ్చలేదు. పశ్చిమ ఆఫ్రికా తీరంలో మాత్రం ఎగబడి కొన్నారు. టోగోలోని లోమేలో ఈ గుడ్డల టోకు వ్యాపారం చేసిన ఆడవాళ్లు మెర్సిడెస్ బెంజ్ కార్లు కొనేంత సంపాదించి, 'నానా బెంజ్'లని పేరు తెచ్చుకున్నారు. సఫారీ జీపు కిటికీలోంచి బెంజ్ కారులో కూర్చున్న బట్టల వ్యాపారి కనిపించదు కాబట్టి ఆవిడ క్విల్టులోకి రాలేదు. ఇందులో ఎవరి తప్పూ లేదు.

ఆ బజారు ఆడవాళ్లు ఊరుకోక డిజైన్లకి పేర్లు కూడా పెట్టారు. ఒకదాని పేరు 'మా ఆయన సమర్థుడు'. అది కట్టుకుని వీధిలో నడిస్తే మొగుడు డబ్బున్నవాడని చాటింపు వేసినట్టే. పంజరంలోంచి పిట్టలు ఎగిరిపోయే డిజైన్ ఇంకోటి ఉంది, దాని పేరు 'నువ్వు బయటికెళ్తే నేనూ వెళ్తా'. తిరుగుబోతు మొగుళ్లకి హెచ్చరిక. ఎక్కడో ఓ గ్యాలరీ గోడ మీద, ఆఫ్రికా ఆత్మకి ప్రతినిధిగా గంభీరంగా నిలబడ్డ జిరాఫీ పొట్ట మీద ఈ హెచ్చరిక ఉండే అవకాశం చాలా ఉంది. జిరాఫీ సంసారం గురించి మనకెందుకు?

తూర్పు తీరంలో ఆడవాళ్లు చుట్టుకునే కంగా అనే అచ్చు గుడ్డలతో ఇంకో చిక్కు. కంగా మీద అక్కడి స్వాహిలీ భాషలో ఓ సామెతో, ఓ ఎత్తిపొడుపో అచ్చు వేసి ఉంటుంది. పొరుగింటావిడతో నోరు చేసుకోనక్కర్లేదు, తగిన కంగా కట్టుకుని ఆవిడ గుమ్మం ముందు ఒకసారి అటూ ఇటూ తిరిగితే చాలు. క్విల్టువాళ్లు ఆ అక్షరాలని 'టెక్స్చర్' అంటారు. ఏనుగు కాళ్లకి భేషుగ్గా ఉంటుంది, తిట్టు సగంలో తెగినా ఏనుగు పట్టించుకోదు. పైగా ఆ కంగాల్లో బోలెడు మన దేశంలోనే అచ్చయి ఓడెక్కుతాయి. దక్షిణాఫ్రికాలో ష్వేష్వే అనే నీలం గుడ్డకి ముందు నుంచీ గంజి దట్టంగా పెడతారు. అసలుదా నకిలీదా అని కొందరు నాలుకతో రుచి చూసి కొంటారు. ఈ పరీక్షని ఆర్ట్ గ్యాలరీల్లో అనుమతించకపోవడం వల్లే ఇన్ని అనుమానాలు మిగిలిపోయాయని నా అభిప్రాయం.

పోనీ, ఆఫ్రికావాళ్లే కుట్టిన గుడ్డలు చూసి నేర్చుకుందామా అంటే అక్కడా నిరాశే. కైరోలో గుడారాలు కుట్టేవాళ్ల వీధి ఒకటుంది. మగవాళ్లు దుకాణాల్లో మఠం వేసుకుని గుడ్డ మీద గుడ్డ వేసి తామరలూ లతలూ జామెట్రీ నక్షత్రాలూ కుడతారు. జిరాఫీ ఊసే లేదు. బెనిన్‌లోని అబొమేలో కుట్టే గుడ్డల మీద సింహం దొరుకుతుంది, ఆశ కలుగుతుంది. తీరా చూస్తే అది ఒకప్పుడు అక్కడ ఏలిన గ్లెలె రాజు చిహ్నం. అతని కొడుకు బెహాంజిన్‌ది సొరచేప. సొరచేపతో సఫారీ క్విల్టు ఎలా కుట్టాలో వాళ్లే చెప్పాలి. అమెరికాలో బీసా బట్లర్ అని ఒకావిడ, తండ్రిది ఘనా, ఆ మైనం గుడ్డల పేర్లూ అర్థాలూ తెలుసుకుని మరీ వాడుతుంది. జంతువులు మానేసి నిలువెత్తు మనుషుల్ని కుడుతుంది, వాళ్లు మన కళ్లలోకి సూటిగా చూస్తారు. మిగతావాళ్లకి ఎంత ఇబ్బందో ఆవిడ ఆలోచించినట్టు లేదు.

మనవాళ్లూ ఈ గందరగోళంలో ఓ చెయ్యి వేశారు. చీరాల చుట్టుపక్కల నేసిన గళ్ల రుమాళ్లు మద్రాసు పేరుతో నైజీరియా చేరాయి. నైగర్ డెల్టాలోని కలబరి వాళ్లకి ఆ గళ్లగుడ్డ అంటే ప్రాణం. బిడ్డ పుట్టినా అదే, పెద్దలు పోయినా అదే. ఊరికే కట్టుకున్నా బాగుండేది. అక్కడి ఆడవాళ్లు బ్లేడు పట్టుకుని, మనవాడు ఒళ్లు హూనం చేసుకుని నేసిన పోగుల్లో కొన్నిటిని ఎంచి ఎంచి కోసి లాగేస్తారు. గళ్లలోంచి కొత్త డిజైన్ బయటపడుతుంది. ఇంతకన్నా ఆఫ్రికన్ గుడ్డ ఉంటుందా? కానీ అందులో సూర్యుడేడీ?

అన్నిటికన్నా పెద్ద మొండితనం మన పక్కనే ఉంది. హైదరాబాద్ ఏసీ గార్డ్స్‌లో నిజాం ఆఫ్రికన్ అశ్వికదళం వారసుల మర్ఫా డప్పులకి పెళ్లి బరాత్‌లలో ఎగిరిన మనకి సిద్దీలు కొత్త కాదు. కర్ణాటకలో, ఉత్తర కన్నడ అడవుల్లోని సిద్దీ ఆడవాళ్లు పాత చీరల ముక్కలతో కవంది అనే బొంత కుడతారు. అంచున మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడిమికి చేరతారు, మూలల్లో మడిచిన చిన్న ముక్కని పువ్వులా కుడతారు. తాతముత్తాతలు ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్లు, ఎవరి అనుమతీ అడగకుండా జిరాఫీ వాడుకోగలిగినవాళ్లు, ఆ మోజే లేకుండా గళ్లూ చారలూ కుట్టుకుంటూ కూర్చున్నారు. పైగా దాని మీద పిల్లల్ని పడుకోబెడతారు! తడిపితే ఉతికి ఆరేస్తారు!

ఖండం ఎలాగూ మారదు కనక నాదొక చిన్న సవరణ. ప్రతి సఫారీ క్విల్టు పక్కనా ఒక చీటీ అంటించాలి. జిరాఫీ: జావా ఆలోచన, హాలండు గుడ్డ, లోమే పేరు. ఏనుగు కాళ్లు: స్వాహిలీ తిట్టు, అచ్చు ఇండియాలో. సూర్యుడు: ఇంట్లో బకెట్‌లో రంగు వేసినది. చెట్టు: ఇస్త్రీపెట్టెతో అంటించినది. ఆఫ్రికా: అంచు పట్టీలో, అంగుళం మేర. చల్లటి నీళ్లలో విడిగా ఉతకాలి. ఏ దేశం అని అడిగేవాళ్ల చేతికి అందనంత ఎత్తులో తగిలించాలి.